పాత కంప్యూటర్లకు కొత్త రూపాలు: కొనేముందు మీటలు చూడండి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

1980ల నాటి హోమ్ కంప్యూటర్లను ఈనాటి విడిభాగాలతో తిరిగి తయారుచేసి అమ్ముతున్న వైనం గురించి ఇటీవల మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసాన్ని ఆసక్తిగా చదివాను. ఆ యంత్రాల రూపురేఖలను, వాటితో పాటు వచ్చే ఆటలను వ్యాసకర్త చక్కగా పరిచయం చేశారు. అయితే పది వేల నుంచి ముప్పై వేల రూపాయల దాకా ఖర్చయ్యే వస్తువు గురించి రాసినప్పుడు, దాన్ని ఎవరు కొనవచ్చు, ఎవరికి అనవసరం, కొంటే ఏ రకం కొనాలి అన్న ప్రశ్నలకు కూడా జవాబు చెప్పి ఉండవలసింది. ప్రభుత్వ పాఠశాలలో సైన్సు, ఆ తర్వాత కంప్యూటరు బోధించి పదవీ విరమణ చేసినవాడిగా ఆ జవాబును నా వంతుగా రాస్తున్నాను. కీబోర్డు మీటలు నిజంగా పనిచేస్తూ, ఆన్ చేసిన కాసేపట్లోనే బేసిక్ భాషలో ప్రోగ్రాము రాయనిచ్చే యంత్రమైతే, దాని ముందు కూర్చుని టైపు చేసేవారు ఇంట్లో ఒక్కరైనా ఉంటే, కొనడం సమంజసమే. మీటలు అలంకారానికే ఉన్న యంత్రాన్ని మాత్రం ఎంత చవకగా వచ్చినా కొనవద్దని నా సలహా.

మనం మాట్లాడుకుంటున్న యంత్రాలు ఎలాంటివో ముందుగా గుర్తు చేసుకోవాలి. బ్రిటన్‌లో సింక్లెయిర్ రీసెర్చ్ సంస్థ 1982 ఏప్రిల్‌లో జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్‌ను విడుదల చేసినప్పుడు 16కె (16 కిలోబైట్ల మెమరీ ఉన్న) రకం ధర 125 పౌండ్లు, 48కె రకం ధర 175 పౌండ్లు. ఇంట్లో ఉన్న టీవీయే దానికి తెర, పాటలు వినే క్యాసెట్ టేప్‌రికార్డరే ప్రోగ్రాములు దాచుకునే చోటు. అదే ఏడాది ఆగస్టులో అమెరికాలో 595 డాలర్లకు కమొడోర్ 64 అమ్మకానికి వచ్చింది. మన దేశంలో ఇలాంటివి కొనుక్కోగలిగిన కుటుంబాలు చాలా తక్కువ. డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ అనే సంస్థ 1986లో స్పెక్ట్రమ్ ప్లస్‌ను లైసెన్సు తీసుకుని ఇక్కడ అమ్మింది గానీ, మన తరంలో ఎక్కువమంది మొదటిసారి చేయి వేసిన కంప్యూటరు బడిలోని బీబీసీ మైక్రోయే. 1984-85లో కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ పేరుతో మొదలుపెట్టిన కంప్యూటరు అక్షరాస్యత పథకం కింద ఏకార్న్ సంస్థ తయారుచేసిన ఆ యంత్రాలు దేశంలోని పాఠశాలలకు వచ్చాయి. కాబట్టి ‘చిన్ననాటి జ్ఞాపకం’ అన్న కారణం బ్రిటన్‌లో పెరిగినవారికి వర్తించినంతగా మనవాళ్లకు వర్తించదు. తెలుగు ఇళ్లలో ఈ కొత్త యంత్రాలకు చోటు దొరకాలంటే అంతకంటే గట్టి కారణం ఒకటి కావాలి. అలాంటి కారణం ఉందన్న నమ్మకంతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇప్పుడు మార్కెట్లో దొరుకుతున్నవాటిలో ఎక్కువ భాగం లోపల పాత యంత్రాలు కావు. రెట్రో గేమ్స్ అనే బ్రిటిష్ సంస్థ 2024 నవంబరులో సుమారు 90 పౌండ్ల ధరతో తెచ్చిన ‘ద స్పెక్ట్రమ్’ను తీసుకుంటే, బయట అచ్చం 1982 నాటి రబ్బరు మీటలు, నల్లటి పెట్టె, కుడివైపు మూల రంగుల చార. లోపల మాత్రం సెల్‌ఫోన్లలో ఉండే జాతికి చెందిన ఏఆర్‌ఎం ప్రాసెసర్ మీద ఒక ఎమ్యులేటర్ నడుస్తుంటుంది. అంటే అసలు స్పెక్ట్రమ్‌లో ఉన్న పాత జెడ్80 ప్రాసెసర్ ఏ ఆజ్ఞకు ఎలా స్పందించేదో అలాగే స్పందించే సాఫ్ట్‌వేర్ అన్నమాట. ఇక్కడ ఒక విశేషం చెప్పకుండా ఉండలేను. ఈ జాతిలో మొదటి ఏఆర్‌ఎం ప్రాసెసర్‌ను 1985లో రూపొందించింది ఆనాడు సింక్లెయిర్‌కు ప్రధాన ప్రత్యర్థి అయిన ఏకార్న్ సంస్థే, మన బడులకు బీబీసీ మైక్రోను ఇచ్చిన ఏకార్నే. ఆ ఇద్దరి పోటీ ఈ పెట్టెలో ఒక్కటైంది.

కమొడోర్ 64 నమూనాలో ఇదే సంస్థ 2018లో తెచ్చిన ‘ద సీ64 మినీ’ని కూడా మీ వ్యాసం మెచ్చుకుంది. దాని మీద కనిపించే మీటలు అచ్చుపోసిన ప్లాస్టిక్ మాత్రమే, నొక్కితే కదలవు. యూఎస్‌బీ కీబోర్డు తగిలించి ప్రోగ్రాము రాసుకోవచ్చన్న మాట నిజమే గానీ, అంత శ్రమ పడేవారికి ఆ పెట్టెతో పనేముంది? జాయ్‌స్టిక్ పట్టుకుని నాలుగు రోజులు ఆడి అటక మీద పెట్టేయడానికి తప్ప అది ఉపయోగపడదు. మరుసటి ఏడాది అదే సంస్థ మీటలన్నీ పనిచేసే పూర్తి పరిమాణపు ‘ద సీ64’ను తీసుకువచ్చిందంటే, కొన్నవారు ఏ లోటును గుర్తించారో ఊహించవచ్చు.

మీటల గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఏమిటో స్పెక్ట్రమ్‌ను దగ్గరగా చూస్తే తెలుస్తుంది. బ్రిటన్‌లో ఉంటున్న మా మేనల్లుడు సెలవులకు వస్తూ ‘ద స్పెక్ట్రమ్’ ఒకటి తెచ్చి మా ఇంట్లో పెట్టి వెళ్లాడు. దాని ప్రతి మీట మీదా, చుట్టూ కలిపి, ఒక అక్షరంతో పాటు మూడు నాలుగు పదాలూ గుర్తులూ అచ్చు వేసి ఉంటాయి. తెర కింది భాగంలో మెరిసే కర్సరు ‘కె’ అక్షరంగా ఉన్నప్పుడు ‘పి’ నొక్కితే ‘ప్రింట్’ అన్న పదం మొత్తంగా వస్తుంది, ‘జి’ నొక్కితే ‘గో టు’, ‘బి’ నొక్కితే ‘బోర్డర్’, ‘జె’ నొక్కితే ‘లోడ్’ వస్తాయి. ఆ పదం పడగానే కర్సరు ‘ఎల్’గా మారి, అక్కడి నుంచి మామూలు అక్షరాలు పడతాయి. ఆజ్ఞ ఎక్కడ మొదలవుతుంది, దాని తర్వాత ఏమి రావాలి అన్న వ్యాకరణాన్ని యంత్రమే ఈ విధంగా వేళ్లకు నేర్పుతుంది. వాక్యం తప్పుగా కూర్చి ఎంటర్ నొక్కితే ఆ వరుసను స్వీకరించదు, తప్పు ఉన్నచోట ప్రశ్నార్థకం మెరుస్తూ నిలబడుతుంది. నేను పనిచేసిన కాలంలో పిల్లలు ఒక కామా మరిచిపోయి ప్రోగ్రామంతా నడిపిన తర్వాత గానీ పొరపాటు తెలియక విసిగిపోవడం చూసినవాణ్ణి కాబట్టి, ఎక్కడి తప్పును అక్కడే చూపే ఈ పద్ధతి ఎంత విలువైనదో నాకు తెలుసు.

కంప్యూటరు లోపలి మెమరీకి, తెరకు ఉన్న సంబంధాన్ని ఇంత సూటిగా చూపే యంత్రం ఇప్పుడు మరొకటి దొరకడం కష్టం. స్పెక్ట్రమ్ తెర 256 చుక్కల వెడల్పు, 192 చుక్కల ఎత్తు. దాన్ని ఎనిమిది చుక్కల చదరాలుగా విడదీస్తే 768 గడులు వస్తాయి, ఒక్కో గడి రంగుకు మెమరీలో ఒక్కో బైటు ఉంటుంది. మొదటి గడి చిరునామా 22528. అక్కడ 16 అనే సంఖ్యను పెట్టమని ‘పోక్ 22528, 16’ అని టైపు చేసి ఎంటర్ నొక్కగానే తెర పైన ఎడమ మూల ఒక చిన్న చదరం ఎర్రబడుతుంది. సంఖ్య మారిస్తే రంగు మారుతుంది, చిరునామాకు ఒకటి కలిపితే పక్క గడి మారుతుంది. మెమరీ అంటే ఏమిటో నల్లబల్ల మీద బొమ్మలు గీసి ఎన్ని గంటలు చెప్పినా కలగని అవగాహన ఆ ఎర్రటి గడిని చూసిన క్షణంలో కలుగుతుంది. ఒక గడిలో రెండు రంగులకు మించి ఉండకూడదన్న పరిమితి వల్ల ఆటల్లో బొమ్మల రంగులు ఒకదాని మీదికి ఒకటి పాకే సంగతిని మీ వ్యాసకర్త లోపంగా పేర్కొన్నారు. మెమరీని పొదుపు చేయడానికి తెలిసి చేసుకున్న ఏర్పాటది. దాని వల్లే తెర మొత్తం 6,912 బైట్లలో ఇమిడింది.

మా పక్కింటి ఏడో తరగతి అమ్మాయి ఈ యంత్రం మీద తెలుగు అక్షరం రాయాలని పూనుకోవడం నన్ను ఎంతో సంతోషపెట్టింది. స్పెక్ట్రమ్‌లో వాడేవారు సొంతంగా గీసుకోగల గుర్తులు 21 ఉంటాయి. ఒక్కోదానికి ఎనిమిది వరుసలు, వరుసకు ఎనిమిది చుక్కలు. ‘బిన్’ అన్న పదం తర్వాత చుక్క ఉన్నచోట ఒకటి, లేనిచోట సున్న వేసుకుంటూ పోవాలి. గళ్ల కాగితం మీద ఆ అమ్మాయి ముందుగా ‘ర’ గీసింది. పై మూడు వరుసలు తలకట్టుకు, కింది అయిదు వరుసలు గుండ్రానికి సరిపోయాయి. ‘ఘ’ దగ్గరకు వచ్చేసరికి ఎనిమిది చుక్కల వెడల్పు చాలక పక్కపక్కన రెండు గడులు వాడవలసి వచ్చింది. గుడికి పై గడి, ‘క్క’లో వత్తుకు కింది గడి కావాలని, ఆ లెక్కన 21 గుర్తులు ఓనమాలకే చాలవని తనంతట తానే తేల్చుకుంది. భారతీయ లిపులను కంప్యూటరు తెర మీదికి తేవడానికి 1980ల్లో ఐఐటీ కాన్పూర్‌లోనూ, ఆ తర్వాత పుణెలోని ప్రభుత్వ కంప్యూటరు పరిశోధన సంస్థ సీ-డాక్‌లోనూ ‘జిస్ట్’ పేరుతో ఎందుకంత కృషి చేయవలసి వచ్చిందో నేను వివరించబోతే, ఆ అమ్మాయికి సగం అప్పటికే అర్థమై ఉంది. నేను పైన చెప్పిన గట్టి కారణం ఇదే. యంత్రం చిన్నదై, దాని హద్దులు కంటికి కనిపిస్తున్నప్పుడు, పిల్లలు దాన్ని పూర్తిగా అర్థం చేసుకోగలమన్న ధైర్యంతో ముందుకు వస్తారు.

ఇదంతా ఉచితంగా దొరికే ఎమ్యులేటర్‌తోనే చేసుకోవచ్చు కదా అని కొందరు పాఠకులు అడగవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనది. స్పెక్ట్రమ్‌కు ఫ్యూజ్, కమొడోర్ 64కు వైస్ అనే ఎమ్యులేటర్లు చాలా ఏళ్లుగా ఉచితంగా అందుబాటులో ఉన్నాయి. 1986లో సింక్లెయిర్ కంప్యూటర్ల హక్కులను కొనుక్కున్న ఆమ్‌స్ట్రాడ్ సంస్థ స్పెక్ట్రమ్ రోమ్‌ను (యంత్రంలో శాశ్వతంగా ఉండే బేసిక్ వంటి మూల ప్రోగ్రాములను) ఎమ్యులేటర్లతో కలిపి పంచుకోవడానికి అనుమతి కూడా ఇచ్చింది. కాబట్టి డబ్బు పెట్టే ముందు ఇంట్లోని ల్యాప్‌టాప్ మీద కొన్నాళ్లు ఎమ్యులేటర్‌ను వాడి చూడమని ప్రతి ఒక్కరికీ చెబుతాను. చాలామందికి అక్కడితో కుతూహలం తీరిపోతుంది, పది వేలు మిగులుతాయి. తీరనివారికి రెండు ఇబ్బందులు ఎదురవుతాయి. ల్యాప్‌టాప్ మీటల మీద ‘ప్రింట్’, ‘పోక్’ వంటి పదాలు అచ్చు వేసి ఉండవు కాబట్టి ఏ పదం ఏ మీట మీద ఉందో ప్రతిసారీ వెతుక్కోవాలి. చిన్నపిల్లలు అక్కడే వదిలేస్తారు. రెండోది తెర సంగతి. బ్రిటన్‌లోనూ మన దేశంలోనూ ఆనాటి టీవీ సెకనుకు 50 సార్లు బొమ్మను మార్చేది, స్పెక్ట్రమ్ ప్రోగ్రాములన్నీ ఆ వేగానికి సరిపడా రాసినవే. ఎక్కువ ల్యాప్‌టాప్ తెరలు సెకనుకు 60 సార్లు మారుస్తాయి కనుక పది బొమ్మలు రెండోసారి చూపవలసి వచ్చి, సాఫీగా జరగవలసిన కదలిక కుదుపులతో సాగుతుంది. కొత్త యంత్రాన్ని కొన్నా సరే, ఇంట్లోని టీవీ 50 హెర్ట్జ్ సంకేతాన్ని తీసుకుంటుందో లేదో చూసుకుని, టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ పెట్టుకోవాలి. లేకపోతే మీట నొక్కిన తర్వాత అక్షరం కాస్త ఆలస్యంగా పడుతున్నట్లు అనిపించి, తప్పు యంత్రం మీదికి పోతుంది.

ఎమ్యులేటర్‌తో తృప్తి పడనివారి కోసం ఎఫ్‌పీజీఏ అనే చిప్‌తో చేసిన యంత్రాలు ఉన్నాయి. ఈ చిప్‌లోని లాజిక్ గేట్లను, అంటే ఒకటి-సున్నల లెక్క చేసే అతిచిన్న సర్క్యూట్లను, మనకు కావలసిన తీరులో కలుపుకోవచ్చు. కాబట్టి పాత ప్రాసెసర్‌ను సాఫ్ట్‌వేర్‌తో అనుకరించడానికి బదులు దాని సర్క్యూట్‌నే మళ్లీ కట్టినట్లవుతుంది. ఈ ఆలోచన స్పెక్ట్రమ్‌కు పరాయిది కాదు. 1982 నాటి యంత్రంలో తెరను, రంగులను చూసుకున్న ఫెరాంటీ యూఎల్‌ఏ చిప్ కూడా ముందుగా విడివిడి గేట్లతో తయారై, ఫ్యాక్టరీలో చివరి లోహపు పొర వేసేటప్పుడు సింక్లెయిర్‌కు కావలసిన విధంగా కలిపినదే. 2017లో, తయారీకి ముందే జనం నుంచి డబ్బు సేకరించే కిక్‌స్టార్టర్ వెబ్‌సైటు ద్వారా ఏడు లక్షల పౌండ్లకు పైగా సమకూర్చుకుని 2020లో కొనుగోలుదారులకు చేరిన స్పెక్ట్రమ్ నెక్స్ట్ ఈ కోవకు చెందినది. దాని పెట్టెను రూపొందించినది 1982 నాటి స్పెక్ట్రమ్‌కు రూపమిచ్చిన రిక్ డికిన్‌సనే. యంత్రం కొన్నవారి ఇళ్లకు చేరకముందే, 2018లో ఆయన కన్నుమూశారు. 2025లో కమొడోర్ పేరును కొనుక్కున్న కొత్త యాజమాన్యం సుమారు 300 డాలర్ల నుంచి మొదలయ్యే ధరలతో ప్రకటించిన కమొడోర్ 64 అల్టిమేట్ కూడా ఎఫ్‌పీజీఏ యంత్రమే. పాత కార్ట్రిడ్జులు, డిస్క్ డ్రైవులు దానికి నేరుగా తగిలించవచ్చు. ఎలక్ట్రానిక్స్ చదువుతున్న విద్యార్థికి, పాత పరికరాలు ఇంకా దాచుకున్నవారికి ఇవి తగినవి. బేసిక్‌లో మొదటి ప్రోగ్రాము రాసే పిల్లలకు మాత్రం ఎమ్యులేటర్ యంత్రానికీ వీటికీ తేడా తెలియదు. ఆ తేడా కోసం మూడింతల డబ్బు పెట్టమని ఏ తల్లిదండ్రులకూ చెప్పలేను.

అసలైన పాత యంత్రమే కొంటే సరిపోతుందన్న వాదన వినడానికి బాగుంటుంది గానీ ఆచరణలో నిలవదు. నలభై ఏళ్లు దాటిన స్పెక్ట్రమ్‌లో మీటల కింది పొర పెళుసెక్కి చిట్లిపోతుంది, కెపాసిటర్లు ఎండిపోతాయి. కమొడోర్ 64తో వచ్చిన పాత పవర్ సప్లై చెడిపోయినప్పుడు అయిదు వోల్టుల తీగలో వోల్టేజీ పెరిగి మెమరీ చిప్‌లను కాల్చేస్తుంది. దాని ధ్వనికి ప్రాణమైన సిడ్ చిప్‌లు ఇప్పుడు తయారు కావడం లేదు, నకిలీలు తిరుగుతున్నాయి. అటువంటి యంత్రాలు మరమ్మతు తెలిసినవారి చేతుల్లో ఉండడమే వాటికి మంచిది. పిల్లలకు ఇచ్చి రోజూ వాడించవలసినవి కావు.

ముందుగా డబ్బు కట్టించుకుని తర్వాత తయారుచేసే పథకాల విషయంలో నిదానించాలి. స్పెక్ట్రమ్ పేరుతోనే వేగా ప్లస్ అనే చేతి గేమ్ యంత్రం కోసం 2016లో కిక్‌స్టార్టర్ లాంటిదే అయిన ఇండీగోగో ద్వారా అయిదు లక్షల పౌండ్లకు పైగా వసూలైతే, 2018లో అది కొద్దిమందికే చేరింది, మరుసటి ఏడాది ఆ సంస్థ మూతపడింది. దుకాణంలో తయారుగా ఉన్నదాన్నే కొనడం క్షేమం. విదేశాల నుంచి తెప్పించుకునేవారు కొరియర్ ఖర్చు, దిగుమతి సుంకం, పన్నులు కలిపి లెక్క వేసుకోవాలి, వారంటీ ఇక్కడ వర్తిస్తుందో లేదో ముందే అడగాలి.

పాఠశాలల కోసం కొనదలిచినవారికి నా సలహా వేరు. బడికి కావలసినది రాస్‌బెరీ పై అనే చిన్న కంప్యూటరు వంటి యంత్రం. 2012లో దాన్ని తెచ్చినవారు తమ మొదటి రకాలకు మోడల్ ఎ, మోడల్ బి అని పేర్లు పెట్టుకున్నది బీబీసీ మైక్రోను తలచుకునే. కీబోర్డులోనే కంప్యూటరంతా ఇమిడి ఉండే రాస్‌బెరీ పై 400 వంటివాటిలో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ఉంటుంది, తెలుగు యూనికోడ్ ఉంటుంది, పాత యంత్రాల ఎమ్యులేటర్లు కూడా నడుస్తాయి. నలభై మంది పిల్లలున్న తరగతికి రబ్బరు మీటల స్పెక్ట్రమ్‌లు కొనిపెట్టడం ప్రజల డబ్బుకు న్యాయం చేయడం కాదు. ఇంట్లో ఒకరిద్దరు పిల్లలు, వారితో కూర్చోవడానికి తీరిక ఉన్న ఒక పెద్దమనిషి ఉన్నచోటే ఆ చిన్న యంత్రానికి తగిన స్థానం. అక్కడ ఇంటర్నెట్ లేకపోవడం, మరో కిటికీ తెరుచుకోకపోవడం ఎంతో మేలు చేస్తాయి.

చివరగా మీ పత్రికకు ఒక విన్నపం. ఆ రోజుల్లో బ్రిటిష్ కంప్యూటర్ పత్రికలు ప్రతి సంచికలో పాఠకులు టైపు చేసుకోవడానికి ప్రోగ్రాములను వరుస వరుసగా అచ్చు వేసేవి. వాటిని చూసి టైపు చేస్తూ, అచ్చుతప్పులు దిద్దుకుంటూ, సంఖ్యలు మార్చి చూస్తూ ఎందరో ప్రోగ్రామింగ్ నేర్చుకున్నారు. మీ పిల్లల పేజీలో నెలకు ఒక్కసారైనా, పది వరుసలకు మించని బేసిక్ ప్రోగ్రాము ఒకటి తెలుగు వివరణతో ప్రచురించండి. ఎక్కాలు చెప్పించేది కావచ్చు, తెర మీద ముగ్గు వేసేది కావచ్చు. ఉచిత ఎమ్యులేటర్ మీద కూడా అది నడుస్తుంది కాబట్టి యంత్రం కొనని ఇళ్ల పిల్లలకూ అందుతుంది. మీరు అంగీకరిస్తే మొదటి కొన్ని నెలలకు సరిపడా ప్రోగ్రాములను పరీక్షించి పంపడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

భవదీయుడు,
విశ్రాంత ఉపాధ్యాయుడు,
హనుమకొండ